అభిమాన తార పోతే గేమ్‌లో విగ్రహం పెడతారా?

2014 ఆగస్టు 11న హాలీవుడ్ నటుడు రాబిన్ విలియమ్స్ చనిపోయారు. రోజులు తిరక్కుండానే ఇంటర్నెట్‌లో రెండు పిటిషన్లు బయల్దేరాయి. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ గేమ్‌లో ఆయన గుర్తుగా ఒక పాత్ర పెట్టమని ఒకటి, అమెరికా కంపెనీ బ్లిజార్డ్‌కి. రాబోయే జెల్డా గేమ్‌లో ఒక పాత్రకి ఆయన పేరు పెట్టమని ఇంకొకటి, జపాన్ కంపెనీ నింటెండోకి. అడగడానికి అభిమానుల దగ్గర గట్టి కారణాలే ఉన్నాయి. విలియమ్స్‌కి గేమ్‌లంటే పిచ్చి. 2006లో లాస్ ఏంజెలిస్‌లో జరిగిన ఈ3 అనే గేమ్‌ల ప్రదర్శనలో స్పోర్ అనే గేమ్‌ని స్టేజీ మీద తనే ఆడి చూపిస్తూ జనాన్ని నవ్వించారు. కూతురికి జెల్డా అని పేరు పెట్టింది కూడా ఆ గేమ్‌లోని యువరాణి పేరు మీదే. 2011లో తండ్రీకూతుళ్లు కలిసి నింటెండో ప్రకటనల్లో నటించారు.

బ్లిజార్డ్ ట్విట్టర్‌లో ఆయనకు థాంక్స్ చెబుతూ, ఇక గేమ్‌లో కలుద్దాం అన్నట్టుగా ఒక మాట వదిలింది. అభిమానులకు విషయం అర్థమైపోయింది. నింటెండో మాత్రం ఆచితూచి ఒక ప్రకటన ఇచ్చింది. రాబిన్ అంటే మాకందరికీ ఇష్టం, అభిమానులు అడుగుతున్నది మేమూ విన్నాం, అయితే ఈ కష్ట సమయంలో రాబోయే గేమ్‌లలో ఏం కుదురుతుందో మాట్లాడదలచుకోలేదు అని దాని సారాంశం. పాము చావకుండా, కర్ర విరగకుండా అంటే ఇదే. ఆ పిటిషన్ మీద లక్షకు పైగా సంతకాలు పడినా సరే అనలేదు, కాదనీ అనలేదు.

ఒకే మనిషి, ఇంచుమించు ఒకే కోరిక, రెండు వేర్వేరు జవాబులు. ఒక కంపెనీకి మనసుంది, రెండోదానికి లేదు అనేసుకోవడం తేలిక. కానీ గత పదిహేనేళ్లలో ఇలాంటి కోరికలకు వచ్చిన జవాబులు చూస్తే ప్రేమ, కృతజ్ఞత ఆఖర్న వచ్చే సంగతులనిపిస్తుంది. గేమ్ తయారీలో ఏ దశలో ఉంది, ఆ మొహం మీద హక్కు ఎవరిది అనేవి ముందు తేలాలి. అందుకే చాలాసార్లు మనిషి గేమ్‌లోకి రాడు, మనిషి తాలూకు గుర్తు వస్తుంది.

గేమ్ చేతిలో ఉందా, లేదా

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ 2004 నుంచి నడుస్తున్న ఆన్‌లైన్ గేమ్. దానికి పూర్తవడం అంటూ లేదు, అప్‌డేట్లు వస్తూనే ఉంటాయి. విలియమ్స్ పోయే సమయానికి వార్‌లార్డ్స్ ఆఫ్ డ్రెనోర్ అనే కొత్త భాగం టెస్టింగ్‌లో ఉంది. విడుదల నవంబరు 13న. అంటే బొమ్మలు గీసేవాళ్లు, కోడ్ రాసేవాళ్లు అందరూ అప్పటికే పనిలో ఉన్నారు. ఒక చిన్న పాత్రని లోపల ఇరికించడానికి అంతకంటే మంచి టైము దొరకదు. ఇరికించారు. గేమ్‌లో ఒకచోట ఓ దీపం ఉంటుంది. దాన్ని రుద్దితే రాబిన్ అనే జీనీ బయటికొస్తాడు. 1992లో వచ్చిన డిస్నీ అల్లాదీన్‌లో జీనీకి గొంతిచ్చింది విలియమ్సే కాబట్టి ఎవరి గురించో వేరే చెప్పక్కర్లేదు. విడుదలకు ముందే, టెస్ట్ వెర్షన్ ఫైళ్లు తవ్వి చూసేవాళ్ల కంట ఈ జీనీ పడిపోయాడు.

నింటెండో పరిస్థితి వేరు. అప్పటి జెల్డా గేమ్‌ని 2015లో తెస్తామని ప్రకటించారు, తర్వాత వాయిదా వేశారు. చివరికి అది బ్రెత్ ఆఫ్ ది వైల్డ్ పేరుతో 2017 మార్చి 3న వచ్చింది. కథ, పాత్రలు, ఊళ్లు ఇంకా తేలని గేమ్ గురించి సంతాపం వేడిలో మాటిచ్చేస్తే, తర్వాత ఆ పాత్ర కుదరకపోతే తిట్లు తప్పవు. కుదిరినా, ఇదేనా మీ నివాళి అనేవాళ్లు ఉంటారు. తీరా గేమ్ వచ్చాక డేటో అనే చిన్న పాత్రని చూసి, ఇది విలియమ్స్ పోలికే అని అభిమానులు తేల్చేశారు. నింటెండో ఔననలేదు. ఔనని ఒప్పుకోనంత కాలం కంపెనీని ఎవరూ ఏమీ అడగలేరు కదా!

ఇది బయటివాళ్ల విషయంలో మాత్రమే చూపించే జాగ్రత్త అనుకోకండి. 2015 జులై 11న నింటెండో ప్రెసిడెంట్ సతోరు ఇవాటా చనిపోయారు. ఆయన ఉత్త మేనేజరు కాదు, స్వయంగా ప్రోగ్రామర్. 1984 నాటి నింటెండో గోల్ఫ్ గేమ్‌కి కోడ్ రాసింది ఆయనే. 2017లో నింటెండో స్విచ్ అనే గేమ్ యంత్రం మార్కెట్లోకి వచ్చాక, ఆ సెప్టెంబరులో కొందరు దాని సాఫ్ట్‌వేర్ తవ్వుతుంటే ‘ఫ్లాగ్’ అనే ప్రోగ్రామ్ దొరికింది. ఇంగ్లిష్‌లో గోల్ఫ్ అక్షరాలు తిరగేస్తే వచ్చే పేరది. యంత్రంలో తేదీ జులై 11 అయ్యుండాలి. రెండు కంట్రోలర్లు విడదీసి చేతుల్లో పట్టుకుని, ఇవాటా తన వీడియోల్లో రెండు అరచేతులూ ముందుకు చాపి చేసే సైగని అలాగే చేయాలి. అప్పుడు ఆయన రాసిన ఆ పాత గోల్ఫ్ తెర మీద తెరుచుకుంటుంది. దీన్ని ఎవరూ అడగలేదు, కంపెనీ ఎవరికీ చెప్పలేదు, ఎక్కడా ప్రచారం చేసుకోలేదు. తర్వాతి అప్‌డేట్లలో తీసేశారు కూడా. నేను చూసిన గేమ్ నివాళుల్లో నాకు బాగా నచ్చింది ఇదే. అదే సమయంలో, పిటిషన్ పెట్టి ఇలాంటిది సాధించలేమని కూడా ఇదే చెబుతుంది.

మొహం ఎవరి ఆస్తి?

మన ఊళ్లలో అభిమాన హీరో పోతే నాలుగురోడ్ల కూడలిలో విగ్రహం లేస్తుంది. అభిమాన సంఘం చందాలేసుకుంటుంది, ఎమ్మెల్యే వచ్చి ఆవిష్కరిస్తాడు, పోలిక కుదరకపోతే నవ్వుకుంటారే తప్ప కోర్టుకెళ్లరు. గేమ్‌లో ఆ కూడలి కంపెనీది. విగ్రహానికి పెట్టే మొహం మాత్రం ఇంకొకరి ఆస్తి.

అమెరికాలో పేరు, రూపం, గొంతులను వ్యాపారానికి వాడుకునే హక్కుని పబ్లిసిటీ హక్కు అంటారు. హాలీవుడ్ ఉన్న కాలిఫోర్నియాలో అది మనిషి పోయాక కూడా 70 ఏళ్లు వారసులకు ఉంటుంది. న్యూయార్క్ 2021 నుంచి అమల్లోకి వచ్చిన చట్టంతో 40 ఏళ్లు ఇచ్చింది. విలియమ్స్ ఇంకాస్త ముందుచూపుతో ఉన్నారు. తన రూపాన్ని, పేరుని పోయిన తర్వాత 25 ఏళ్ల దాకా, అంటే 2039 ఆగస్టు 11 వరకు, ఎవరూ వ్యాపారానికి వాడుకోకుండా ట్రస్టు పత్రాల్లో రాయించారు. ఈ సంగతి బయటికొచ్చింది 2015 మార్చిలో. అప్పటికే బ్లిజార్డ్ జీనీ గేమ్‌లో తిరుగుతున్నాడు. కానీ ఆ జీనీని గమనించండి. విలియమ్స్ మొహాన్ని స్కాన్ చేసి పెట్టిన బొమ్మ కాదది, పాత రికార్డింగుల నుంచి ఎత్తి పెట్టిన గొంతూ కాదు. ఒక మొదటి పేరు, ఒక దీపం. అంతే.

మొహం దాకా వెళ్లినవాళ్లకి ఏమైందో చూస్తే ఈ జాగ్రత్త అర్థమవుతుంది. ప్లాంట్స్ వర్సెస్ జాంబీస్ 2009 మేలో వచ్చింది. అందులో ఎర్ర జాకెట్ వేసుకుని డాన్స్ చేసే జాంబీ ఉండేది, మైకేల్ జాక్సన్‌ని చూసి చేసిందే. జూన్ 25న జాక్సన్ పోయారు. ఆ తర్వాత ఆయన ఎస్టేట్, అంటే ఆయన ఆస్తులూ హక్కులూ చూసుకునే సంస్థ, అభ్యంతరం చెప్పింది. తయారీ కంపెనీ పాప్‌క్యాప్ గొడవెందుకని 2010లో ఆ జాంబీని తీసేసి డిస్కో డాన్సర్‌ని పెట్టింది. బతికుండగా చేసిన సరదా, పోయాక లీగల్ నోటీసు వ్యవహారమైపోయింది.

2009 సెప్టెంబరులో వచ్చిన గిటార్ హీరో 5 అనే పాటల గేమ్ కథ ఇంకా చిత్రం. నిర్వాణ బ్యాండ్ గాయకుడు కర్ట్ కోబేన్ 1994లో చనిపోయారు. ఆయన రూపాన్ని వాడుకోవడానికి తయారీ కంపెనీ యాక్టివిజన్ లైసెన్సు తీసుకునే గేమ్‌లో పెట్టింది. తీరా చూస్తే, ఆటగాడు కోబేన్ బొమ్మతో వేరే బ్యాండ్ల పాటలు కూడా పాడించొచ్చు. జీవితమంతా అలాంటి సంగీతానికి ఎదురు నిలిచిన మనిషి బాన్ జోవి బ్యాండ్ పాటకి చిందులేస్తుంటే అభిమానులు మండిపడ్డారు. భార్య కోర్ట్నీ లవ్ దావా వేస్తానన్నారు. బ్యాండ్‌లోని మిగతా ఇద్దరూ, కోబేన్ బొమ్మని ఆయన సొంత పాటలకే పరిమితం చేయమని అడిగారు. సంతకం పెట్టిన కాగితం ఉంటే చాలదని గేమ్ కంపెనీలకి అర్థమైంది అప్పుడే అనుకుంటాను.

అసలు హక్కులెవరివో తేలకపోతే? ఫుట్‌బాల్ దిగ్గజం మారడోనా 2020 నవంబరులో పోయారు. ఆయన రూపం మీద హక్కులెవరివన్న గొడవతో 2022లో ఈఏ కంపెనీ ఫిఫా 22 గేమ్‌లో ఆటగాళ్లు తమ జట్టులోకి ఆయన్ని తెచ్చుకునే కార్డుల్ని ఆపేయాల్సి వచ్చింది. ఒప్పందం ఉన్న ఆటగాడి గతే ఇది.

నిజానికి కోర్టులు గేమ్‌లకి మరీ వ్యతిరేకం కాదు. కాల్ ఆఫ్ డ్యూటీలో తనను వాడుకున్నారని పనామా మాజీ నియంత నొరియేగా వేసిన కేసుని 2014లో కొట్టేశారు. గ్రాండ్ థెఫ్ట్ ఆటో 5లోని పాత్ర తనలా ఉందని నటి లిండ్సే లోహన్ వేసినది 2018లో న్యూయార్క్ అత్యున్నత కోర్టులో వీగిపోయింది. గెలవొచ్చు, కానీ ఏళ్లు పడుతుంది. ఒక చిన్న నివాళి కోసం అంత టెన్షన్ ఏ కంపెనీ పడుతుంది?

వీధి పేరు, స్టేషన్ పేరు

అందుకే గుర్తులు. బ్లాక్ పాంథర్ నటుడు చాడ్విక్ బోస్‌మన్ 2020 ఆగస్టు 28న చనిపోయారు. స్పైడర్‌మ్యాన్: మైల్స్ మొరాలెస్ గేమ్ ఆ నవంబరు 12న రావాలి, పని చివరికొచ్చేసింది. ఆ దశలో కొత్త పాత్ర రాయడం, డబ్బింగ్ చెప్పించడం అయ్యే పని కాదు. వీధి బోర్డు మార్చడం మాత్రం అవుతుంది. గేమ్‌లోని న్యూయార్క్‌లో ఒక వీధికి ‘బోస్‌మన్ వే’ అని పేరు పెట్టి, చివర్లో పేర్లు పడేటప్పుడు అంకితం వేశారు. అదే గేమ్‌లో మార్వెల్ కామిక్స్ రచయిత స్టాన్ లీ విగ్రహం ఉంది, అంతకు ముందు గేమ్‌లో ఆయన వంటవాడిగా కనిపించిన హోటల్ బయటే. స్టాన్ లీ విగ్రహానికి అడ్డేముంది, ఆయన మార్వెల్ ఇంటి మనిషి.

ఇంగ్లండ్ రచయిత టెర్రీ ప్రాచెట్ 2015 మార్చి 12న పోయినప్పుడు, అంతరిక్షంలో తిరిగే ఎలైట్: డేంజరస్ గేమ్ అభిమానులు పిటిషన్ పెట్టారు. తయారుచేసిన ఫ్రాంటియర్ ఒప్పుకుని ఒక స్టేషన్‌కి ‘ప్రాచెట్స్ డిస్క్’ అని పేరు పెట్టింది. ఆయన కల్పించిన బల్లపరుపు ప్రపంచం గుర్తొచ్చేలా. కోట్లాది నక్షత్రాలున్న గేమ్‌లో ఒక స్టేషన్ పేరు రాయడానికి ఖర్చేముంటుంది? ఇలాంటి కోరికలు తీరడానికి సగం కారణం అదే.

అంతకు కొద్ది రోజుల ముందే, ఫిబ్రవరి 27న, స్టార్ ట్రెక్‌లో స్పాక్ పాత్రధారి లియోనార్డ్ నిమోయ్ పోయారు. స్టార్ ట్రెక్ ఆన్‌లైన్ గేమ్‌లో ఆటగాళ్లు స్పాక్ సొంత గ్రహం వల్కన్ మీద పోగయ్యారు. కొద్ది రోజుల్లోనే అక్కడ స్మారకం వెలిసింది. అక్కడ స్పాక్ బొమ్మ పెట్టగలిగారంటే, అది స్టార్ ట్రెక్ పేరు మీద లైసెన్సుతో నడిచే గేమ్ కావడం, నిమోయ్ అప్పటికే దానికి గొంతివ్వడం కలిసొచ్చాయి.

ఇక డబ్బు. డేవిడ్ బౌయీ 2016 జనవరిలో పోయినప్పుడు, ఆయన పాటలతో, రూపంతో 1999లో వచ్చిన ఒమిక్రాన్ గేమ్‌ని స్క్వేర్ ఎనిక్స్ వారం పాటు ఉచితంగా ఇచ్చింది. కొత్తగా ఏమీ తయారు చేయలేదు. బాస్కెట్‌బాల్ ఆటగాడు కోబీ బ్రయంట్ 2020 జనవరి 26న హెలికాప్టర్ ప్రమాదంలో పోతే, ఆ సెప్టెంబరులో ఆయన బొమ్మతో ఎన్‌బీఏ 2కే21 ప్రత్యేక ఎడిషన్ వచ్చింది. ధర 99.99 డాలర్లు, మామూలు ఎడిషన్ కంటే ఎక్కువ. నివాళికి ధర ట్యాగ్ తగిలించాక అది నివాళో సరుకో కొనేవాడే తేల్చుకోవాలి. నాకైతే అది సరుకే.

కంపెనీ జవాబు కోసం ఆగని జనం

ఈ మొత్తం వ్యవహారంలో చాలామంది పట్టించుకోని సంగతొకటుంది. ఆన్‌లైన్ గేమ్‌లలో నివాళికి కంపెనీ అనుమతే అక్కర్లేదు. 2016 డిసెంబరు 27న ప్రిన్సెస్ లియా పాత్రధారి క్యారీ ఫిషర్ పోతే, స్టార్ వార్స్: ది ఓల్డ్ రిపబ్లిక్ ఆటగాళ్లు వందల్లో ఆల్డెరాన్ గ్రహం మీద ఆర్గానా వంశం ఇంటికి వెళ్లి నిలబడ్డారు. లియా పుట్టిల్లు లాంటిదది. 2021 మేలో బెర్సెర్క్ చిత్రకథల సృష్టికర్త కెంటారో మియురా మరణవార్త తెలిసినప్పుడు, ఫైనల్ ఫాంటసీ 14లో పెద్ద కత్తులు మోసే డార్క్ నైట్ పాత్రలతో ఆటగాళ్లు ఊళ్ల వీధుల్లో రెండు వరసలుగా నిలబడ్డారు. ఆ పెద్ద కత్తి బెర్సెర్క్ నాయకుడిది. ఎవరూ ఎవరికీ వివరించాల్సిన అవసరం రాలేదు.

డెస్టినీ 2లో జరిగింది ఇంకా దగ్గరిది. కమాండర్ జవాలాకి గొంతిచ్చిన లాన్స్ రెడిక్ 2023 మార్చి 17న పోయారు. జవాలా గేమ్‌లో టవర్ అనే చోట ఎప్పుడూ నిలబడే ఉంటాడు, ఆటగాళ్లు పని ఉన్నప్పుడు వెళ్లి మాట్లాడతారు. ఆ రోజు పని లేకుండా వెళ్లారు. చుట్టూ చేరి సెల్యూట్ చేస్తూ ఉండిపోయారు. తర్వాత బంగీ కంపెనీ ఆ పాత్రని కీత్ డేవిడ్‌కి అప్పగించింది. పాత్రని చంపేయకుండా, గొంతుని యంత్రంతో పుట్టించకుండా, ఇంకో నటుడికి పని ఇచ్చి కథ నడిపించడం కూడా ఒక జవాబే.

చావుని కథలో పెడితే ఏమవుతుందో సూయిసైడ్ స్క్వాడ్ గేమ్‌తో తెలిసింది. ఏళ్ల తరబడి బ్యాట్‌మ్యాన్‌కి గొంతైన కెవిన్ కాన్‌రాయ్ 2022 నవంబరులో పోయారు. 2024 ఫిబ్రవరిలో వచ్చిన ఆ గేమ్‌లో ఆయన గొంతుతో ఉన్న బ్యాట్‌మ్యాన్‌ని బెంచీ మీద కూర్చోబెట్టి కాల్చేస్తారు. కథ ముందే రాసుకున్నదే కావచ్చు. అభిమానులకి అది ఆయన చివరి సీన్‌లా కనిపించింది, అసహ్యించుకున్నారు.

కంపెనీల్లో ఇంకో భయం కూడా పెరిగింది. 2021లో కాలిఫోర్నియా ప్రభుత్వ విభాగం ఒకటి బ్లిజార్డ్ మీద లైంగిక వేధింపుల ఆరోపణలతో కేసు వేసింది. ఆ దుమారంలో ఓవర్‌వాచ్ గేమ్‌లోని మెక్‌క్రీ అనే పాత్ర పేరు మార్చాల్సి వచ్చింది, ఎందుకంటే ఆ పేరు కంపెనీలో పనిచేసి వెళ్లిపోయిన ఒక ఉద్యోగిది. ఇకపై పాత్రలకు ఉద్యోగుల పేర్లు పెట్టబోమని, నిజజీవిత ప్రస్తావనల విషయంలో ఆలోచించి అడుగేస్తామని ఓవర్‌వాచ్ బృందం చెప్పింది. ఈ రోజు దేవుడనిపించినవాడి మీద రేపు ఏం బయటపడుతుందో ఎవరికి తెలుసు? పాలరాతి విగ్రహం కంటే గేమ్ పాత్రని తొలగించడం తేలికే, కానీ తొలగించడం కూడా వార్తే అవుతుంది.

మాట్లాడే మొహాలు

ఇన్నాళ్లూ అభిమానులు పేరు పెట్టమని అడిగారు. ఇప్పుడు గొంతే తిరిగి తెప్పించొచ్చు. సైబర్‌పంక్ 2077 గేమ్‌లో ఒక పాత్రకి పోలిష్‌లో గొంతిచ్చిన నటుడు మివోగోస్ట్ రెచెక్ 2021లో పోయారు. 2023లో వచ్చిన దాని అదనపు భాగంలో ఆ పాత్ర మళ్లీ మాట్లాడాలి. సీడీ ప్రాజెక్ట్ కంపెనీ కుటుంబం అనుమతి తీసుకుని, ఇంకో నటుడితో మాట్లాడించి, ఏఐతో ఆ గొంతుని రెచెక్ గొంతుగా మార్చింది. పెద్దగా గొడవ కాలేదు. ఎందుకంటే రాసిన మాటలే మాట్లాడాడు.

ఫోర్ట్‌నైట్‌లో అలా కాదు. స్టార్ వార్స్ విలన్ డార్త్ వేడర్‌కి గొంతిచ్చిన జేమ్స్ ఎర్ల్ జోన్స్ 2024 సెప్టెంబరులో పోయారు. 2025 మేలో ఎపిక్ కంపెనీ, కుటుంబం అంగీకారంతోనే, ఆటగాళ్లు ఏమడిగినా జోన్స్ గొంతుతో జవాబిచ్చే వేడర్‌ని గేమ్‌లో దించింది. ఆటగాళ్లు ఊరుకుంటారా? వేడర్ చేత బూతులు పలికించి వీడియోలు పెట్టేశారు. కంపెనీ హడావుడిగా మరమ్మతు చేసింది. నటుల సంఘం సాగ్-ఆఫ్‌ట్రా, తమతో చర్చించకుండా మనుషులు చేసే పనిని యంత్రానికి ఇచ్చారని కార్మిక బోర్డుకి ఫిర్యాదు చేసింది. కుటుంబం సరేనన్నా, ఆ గొంతు ఏం మాట్లాడుతుందో కుటుంబం చేతిలో లేదు. విలియమ్స్ కూతురు జెల్డా తండ్రి గొంతుని ఏఐతో పుట్టించడం తనను కలవరపెడుతోందని 2023లోనే అన్నారు. నాన్న ఏఐ వీడియోలు నాకు పంపడం ఆపండి అని 2025లో అభిమానుల్ని మళ్లీ అడగాల్సి వచ్చింది. నివాళి అనుకుని పంపేవాళ్లే వాళ్లంతా.

మన దేశంలో ఇలాంటి కోరిక వస్తే కంపెనీ ఎవరి అనుమతి తీసుకోవాలన్నదే తేలలేదు. జయలలిత మీద సినిమా తీస్తున్నప్పుడు మేనకోడలు వేసిన కేసులో మద్రాస్ హైకోర్టు, సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ తండ్రి వేసిన కేసులో 2023లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది దాదాపు ఒకటే: ఈ హక్కులు మనిషితోనే పోతాయి, వారసులకు రావు. బతికున్నవాళ్లకి మాత్రం రక్షణ బలపడుతోంది. 2025 సెప్టెంబరులో నాగార్జునకి ఢిల్లీ హైకోర్టు, చిరంజీవికి హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టు వాళ్ల పేరు, రూపం, గొంతుని అనుమతి లేకుండా, ఏఐతో సహా, వాడుకోకుండా ఉత్తర్వులిచ్చాయి. విలియమ్స్ లాగా తాము పోయాక 25 ఏళ్లు ఎవరూ ముట్టుకోవద్దని మన నటుడెవరైనా కాగితం రాసినా, ఆ కాగితం ఇక్కడ ఎంతవరకు చెల్లుతుందో చెప్పే తీర్పు ఇంకా రావాలి.